తండ్రి అన్న చోట సంతకం

లైమ్ హార్బర్, మిషిగన్
ఏప్రిల్ 12, 2023

ఒరే కాజ్,

స్మెల్ట్ చేపలు పడుతున్నాయి. ఊరు ఊరంతా మోకాలి లోతు చన్నీళ్లలో వలలు పట్టుకుని నిలబడింది, నీ కూతురితో సహా. బకెట్టెడు తెచ్చి సింకులో గుమ్మరించి, "అత్తా, నువ్వు కడుగు, నాకు ఆ వాసన పడదు" అంది టెస్సా. రేపు నర్సై జనం పుళ్లు కడగబోయే పిల్ల! వేయించి పెట్టాక మాత్రం ఏ వాసనా గుర్తు రాలేదు మహాతల్లికి.

అసలు సంగతి ఇది. రెండు కాలేజీల్లో సీటు వచ్చింది, రెండూ నర్సింగే. ఒకటి స్టేట్ యూనివర్సిటీ, కారులో రెండు గంటలు. రెండోది సెయింట్ అడెలా, రాష్ట్రానికి అటు కొసన. మే ఒకటో తారీకులోపు ఏదో ఒకదానికి ఔననాలి. దాని మనసేమో స్టేట్ మీద ఉంది. స్నేహితురాలు పైజ్ అక్కడికే పోతోందట, ఇద్దరూ ఒకే గదిలో ఉంటారట. స్నేహితురాలి కోసం చదువు ఎంచుకునేదానికి ఇంట్లో నాలాంటి కౌన్సెలర్ ఎందుకు చెప్పు?

స్కూల్లో నా గది బయట గోడమీదుండే పట్టిక నీకు తెలుసుగా. ఏటా సర్కారువారి వెబ్‌సైట్ చూసి నా చేత్తో రాసి అంటిస్తాను. ఏ కాలేజీ, ఏ కోర్సు, చదివి బయటపడ్డ నాలుగేళ్లకు ఎంత సంపాదిస్తున్నారు, బయటపడేనాటికి నెత్తిన ఎంత అప్పుంది. పిల్లలు దాన్ని 'బెర్నడైన్ బైబిల్' అంటారు, నాకు వినబడదనుకుని. స్టేట్ నర్సులకు ఏడాదికి అరవై ఆరు వేల డాలర్లు, అప్పు ఇరవై ఏడు వేలు. సెయింట్ అడెలా నర్సులకు డెబ్బై ఒకటి, అప్పు ఇరవై మూడే. జీతం ఎక్కువ, అప్పు తక్కువ. ఇంకా ఆలోచించేదేముంది? అదే చెప్పాను దానికి. మూతి ముడుచుకుని మేడమీదికి పోయింది.

నువ్వూ ఒక ముక్క రాయి. ఫోన్ అంటావా, నీ ఓడకి సిగ్నల్ దొరికేసరికి నేను పడుకుంటాను, నేను లేచేసరికి నువ్వు మళ్లీ సరస్సు మధ్యలో ఉంటావు. డెట్రాయిట్ దగ్గర టపా పడవవాళ్లు ఈ ఉత్తరం మీరు ఓడమీంచి తాడుతో దించే బకెట్లో వేస్తారు. తాడు లాగేటప్పుడు తడపకండి.

మీ అక్క,
బెర్నడైన్


వాల్టర్ ప్రిన్ ఓడ, సుపీరియర్ సరస్సు
ఏప్రిల్ 22

అక్కా,

ఉత్తరం పొడిగానే అందింది. దానితో వచ్చిన ఉల్లిపాయల బస్తా మాత్రం తడిసి ముద్దయింది.

ఇవాళ శనివారం, స్టీక్ రోజు. ఒకడికి రక్తం కారాలి, ఇంకొకడికి చెప్పు అట్టలా మాడాలి, మా చీఫ్ ఇంజనీరుకి మాత్రం వాళ్లావిడ చేసినట్టు ఉండాలి. వాళ్లావిడ ఎలా చేస్తుందో వాడికీ గుర్తులేదు. పొద్దుటినుంచి నిలబడీ నిలబడీ నా మోకాళ్లు నా మాట వినడం మానేశాయి. ఫరవాలేదులే. ఈ సీజన్‌తో సరి. హుల్డా పాప్రోకీకి చెప్పు, వచ్చే చలికాలానికి ఆమె బేకరీ కొనుక్కుని, ఆ పొయ్యి ముందు నేనుంటాను. ఇరవై మంది మగాళ్లకి వండింది చాలు, ఇక మీ ఆడవాళ్లకి రై రొట్టె కాల్చి తిట్లు తింటాను.

కాలేజీల సంగతి నాకేం తెలుసు? హైస్కూలే నువ్వు చెవి మెలేస్తే పూర్తి చేశాను. నువ్వు మంచిదంటే మంచిదే. ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. సెయింట్ అడెలా ఫీజు ఫోన్లో చూశాను. వాళ్లిచ్చే స్కాలర్‌షిప్ పోగా కూడా స్టేట్‌కి రెట్టింపుంది. రెట్టింపు ఫీజు ఉన్నచోట అప్పు తక్కువెలా అవుతుందే? ఆ కాలమ్‌లో మొత్తం అప్పు ఉన్నట్టేనా?

ఓవెన్‌లో ఆపిల్ పై మాడుతున్న వాసన వస్తోంది. ఉంటాను.

కాజ్


లైమ్ హార్బర్
మే 3

ఒరే వంటాయనా,

మొత్తమేరా, మొత్తమే! ఇన్నేళ్లుగా ఊరి పిల్లలందరికీ ఇదే పని చేసి పెడుతున్నాను. అప్పు అని రాసి ఉంటే అప్పే. ఖరీదైన కాలేజీలకు డబ్బున్న దాతలుంటారు, వాళ్లు సాయం చేస్తారు, అందుకే తక్కువ. నువ్వు నీ సూపు కలుపుకో, లెక్కలు నాకొదిలెయ్.

సెయింట్ అడెలాకి ఔనని పంపించాం. అడ్వాన్సు నేను కట్టాను, మాట్లాడకు. టెస్సా రెండు రోజులు ఏడ్చి ఊరుకుంది. మూడోరోజు ఆ కాలేజీ పేరున్న టోపీ ఒకటి తెప్పించుకుంది. వయసు అలాంటిది.

హుల్డా మాటిచ్చింది. క్రిస్మస్ దాకా బేకరీ ఎవరికీ అమ్మదట. "మీ కాజ్ చేతి రొట్టె తిన్నాకే నేను ఫ్లోరిడా బస్సు ఎక్కుతాను" అంది. కింద గదికి పసుపు రంగు వేయిస్తున్నాను నీ కోసం. నీలం కావాలని గొడవ చెయ్యకు, నీలం డబ్బా ఖరీదు చూశాను.

నీ ఆస్థాన గణిత పండితురాలు,
బెర్నీ


వాల్టర్ ప్రిన్, డులూత్ రేవు
జులై 9

అక్కా,

ఇక్కడ ఖనిజం ఎక్కిస్తున్నారు, ఎర్ర దుమ్ము. నా తెల్ల ఏప్రాన్ గులాబీ రంగుకి తిరిగింది, కుర్రాళ్లు ఏడిపిస్తున్నారు.

సెయింట్ అడెలా నుంచి కాగితం ఫోన్లోనే వచ్చింది. బంగాళాదుంపలు చెక్కుతూ, తండ్రి అన్న చోట సంతకం పెట్టేశాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నా జీతం ఎంతని కూడా అడగలేదంటే నమ్ము. టెస్సాకి చెప్పు, నాన్న పని అయిపోయిందని.

హుల్డాని మరీ కట్టిపడేసినట్టు ఉంచకు. ముసలావిడ. ఎవరైనా మంచి బేరం తెస్తే చూసుకోమను.

గదికి పసుపు రంగైనా సరే.

కాజ్


లైమ్ హార్బర్
సెప్టెంబరు 10

కాజ్,

నీ కూతుర్ని దిగబెట్టి వచ్చాను. గది మూడో అంతస్తులో. లిఫ్టు లేదు, నా నడుము లేదు. నువ్వు సంతకం పెట్టిన అనుమతి కాగితం గురించి అక్కడెవరూ అడగనే లేదు, కంప్యూటర్లో చూసుకున్నారు కాబోలు. వచ్చేటప్పుడు టెస్సా కారు కిటికీ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది, గేటు దాకా. "చలికాలం నాన్న ఇంట్లో ఉంటాడుగా, క్రిస్మస్‌కి నేను వచ్చేసరికి బేకరీ వాసన రావాలి" అంది.

ఇప్పుడు చెప్పు. హుల్డా ఇవాళ చర్చిలో నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? నువ్వే ఫోన్ చేసి "నా కోసం ఆపొద్దు" అన్నావట. మీ చీఫ్ ఇంజనీరు భార్య చేపల కొట్లో చెప్పింది, సరస్సులు గడ్డకట్టి ఓడ ఆగిపోయే చలికాలమంతా టొలీడోలో దానికి కాపలా ఉండటానికి నువ్వు పేరిచ్చావని. ఊరందరికీ తెలిసింది, నీ అక్కకి తప్ప!

ఇంటికి రాని మగాడికి కారణాలు రెండే. తాగుడు, ఆడది. నువ్వు తాగవు. ఎవరామె?

బెర్నడైన్


వాల్టర్ ప్రిన్, హ్యూరాన్ సరస్సు
అక్టోబరు 1

అక్కా,

నీ దగ్గర ఏదీ దాగదు. సరే, ఉంది. పేరు అడగకు. కొంచెం ఖర్చు మనిషి, నాలుగేళ్ల దాకా వదిలేలా లేదు. ఈ ఏటికి ఓడ దిగడం కుదరదు. వచ్చే ఏడు కూడా అనుమానమే.

రాత్రి మన ఊరి ముందునుంచే పోయాం. నీ వంటింటి దీపం కనబడిందని మా వాచ్‌మన్ అన్నాడు. వాడు అబద్ధాలకోరు, అయినా బయటికొచ్చి చెయ్యి ఊపాను.

టెస్సాకి మందపాటి మేజోళ్లు పంపు. కాళ్లు చల్లబడితే దానికి జలుబు చేస్తుంది.

కాజ్


లైమ్ హార్బర్
నవంబరు 5

కాజిమిర్,

బేకరీ పోయింది. కుక్కలకు స్నానాలు చేయించే దుకాణం పెడతారట అక్కడ. ఆ పొయ్యి పగలగొట్టి ఇటుకలు లారీలో వేస్తుంటే నేను రోడ్డవతల నిలబడి చూశాను. హుల్డా నా వైపు చూడలేదు.

అరవయ్యో పడిలో పడుతూ సిగ్గుందా నీకు? నీ కూతురి చదువు చౌకలో కుదిరిందంటే అది నా పుణ్యం. మిగిలిన డబ్బంతా తీసుకెళ్లి ఎవత్తెకో ధారపోస్తావా? తండ్రన్నాక పిల్ల కోసం ఒక్క డాలరు ఖర్చు పెట్టిన ముఖమేనా అది? దాని పళ్లకి తీగ కట్టించింది నేను, కారు నేర్పింది నేను, తల్లి పోయాక అన్నీ నేను. నువ్వు ఏం చేశావురా, చెయ్యి ఊపడం తప్ప?

పసుపు గదిలో కుట్టుమిషను పెట్టుకున్నాను.

బెర్నడైన్


లైమ్ హార్బర్
డిసెంబరు 3

నాయనా కాజ్,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

గురువారం స్కూల్లో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. అందరినీ పట్టిక ముందు నిలబెట్టి ఎప్పటిలాగే ఉపన్యాసం దంచాను. అంతా అయ్యాక మార్లీన్ క్రోల్ ఉండిపోయింది. క్వారీ ఆఫీసులో పనిచేస్తుంది, ఆమె పెద్దకొడుకుని రెండేళ్ల కిందట నేనే ఒక కాలేజీకి పంపాను. కోటు గుండీలు పెట్టుకుంటూ మామూలుగా అడిగింది. "టీచరమ్మా, మీ పట్టికలో మావాడి అప్పుంది. మరి నాదేది?"

"నీదేమిటి?" అన్నాను.

"వాడి పేరున కొంతే ఇస్తారుగా. మిగతాదంతా నా పేరున తీసుకున్నాను. అది వాడిదానికి మూడింతలు. ఇక్కడ కనబడకపోతేనూ, ఎక్కడ రాశారో అని."

ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచాను. అంకె కిందే చిన్న అక్షరాల్లో ఉంది. ఎవరూ దాచలేదు, నేనే ఏనాడూ చదవలేదు. విద్యార్థి తన పేర తీసుకున్న అప్పు మాత్రమే, తల్లిదండ్రులు తీసుకున్నది ఇందులో కలవదు. పిల్లల పేర ఇచ్చే అప్పుకి ఎక్కడైనా ఒకటే హద్దు. హద్దు దాటింది ఎంతైనా అమ్మానాన్నల నెత్తిన పడుతుంది. అందుకేరా ఖరీదైన కాలేజీ చౌకగా కనబడింది. నువ్వు ఏప్రిల్లోనే అడిగావు, 'మొత్తం అప్పు ఉన్నట్టేనా' అని. నేను సూపు కలుపుకోమన్నాను.

తండ్రి అన్న చోట సంతకం పెట్టానన్నావు. అనుమతి కాగితం అనుకున్నానురా. నిజంగా అనుమతి కాగితమే అనుకున్నాను.

ఆడదెవరూ లేదు కదూ? లేదని రాస్తే నేనేమైపోతానో తెలీదు. ఉందని రాయరా, బాబ్బాబు. తిట్టుకుంటూ బతికేస్తాను.

ఆ నవంబరు ఉత్తరం నీ దగ్గరుంటే పొయ్యిలో పడెయ్. ఎంతమంది పిల్లల్ని ఇలాగే పంపానో వేళ్లమీద లెక్కపెడుతున్నాను. ఎంతమంది తల్లులు నాకు థాంక్స్ చెప్పారు కాజ్, నా చేతులు పట్టుకుని మరీ!

బెర్నీ


వాల్టర్ ప్రిన్, గేరీ రేవు
డిసెంబరు 17

అక్కా,

ఆడదెవరూ లేదు. నా మోకాళ్లు చూసి ఎవత్తె వస్తుంది?

మొదటి ఏడాదికి నా పేర అప్పు పంతొమ్మిది వేలు. నాలుగేళ్లకి ఎంతో నువ్వే వేసుకో, లెక్కలు నీకొదిలెయ్యమన్నావుగా. ఇదొక్కటీ అనాలనిపించింది, అన్నాను. ఇక అనను. నవంబరు ఉత్తరం చదివి రెండు రోజులు రొట్టెలు మాడ్చాను. కెప్టెన్ వంటింట్లోకి వచ్చి ఎవరైనా పోయారా అని అడిగాడు. కోపం రాలేదని చెప్తే అబద్ధం.

జులైలో ఆ అంకె చూడగానే నీకు ఫోన్ చేద్దామనుకున్నాను. మూడు గీతల సిగ్నల్ ఉంది కూడా. చెయ్యలేదు. ఎందుకో చెప్తాను, నవ్వకు. దాని తల్లి పోయినప్పటినుంచి ఏడాదికి తొమ్మిది నెలలు నా కూతుర్ని నువ్వు పెంచావు. పళ్ల తీగకి ఎంతయిందో నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. అడిగితే ఇవ్వాల్సొస్తుందని భయపడే అడగలేదేమో. నా పేరుకి కాలమ్ లేదని బాధపడుతున్నావు, నీకు మాత్రం ఏ పట్టికలో ఉందే? ఆ తండ్రి అన్న చోట వేలితో గీస్తుంటే, పక్కన బంగాళాదుంపల తొక్కలు, నేనూ ఒక పని చేశాననిపించింది. నీకు చెప్తే వెంటనే సరిదిద్దేస్తావు. ఆ పని నా చేతిలోంచి పోతుంది. అందుకు దాచాను. తప్పు నాది కూడా.

టెస్సాకి చెప్పకు. తెలిస్తే మానేసి వచ్చేస్తుంది, దాని సంగతి నీకు తెలుసు. నీ పట్టికలో జీతాలు చదువు పూర్తి చేసినవాళ్లవే కదా? సగంలో వచ్చేసినవాళ్లు ఏ గడిలో ఉంటారు? అప్పు మాత్రం ఉంటుంది.

జనవరిలో ఓడ కట్టేశాక నాలుగు రోజులు వస్తాను. కుట్టుమిషను పక్కకి జరిపి ఉంచు.

కాజ్


లైమ్ హార్బర్
మార్చి 9, 2024

కాజ్,

జనవరిలో నువ్వున్న నాలుగు రోజులూ మనం మంచు గురించి, ఓడ ఇంజను గురించి, హుల్డా ఫ్లోరిడాలో కొన్న టోపీ గురించి మాట్లాడుకున్నాం. ఆ ఒక్కటీ ఎత్తలేదు. నువ్వు వెళ్లే పొద్దున ఆ కుక్కల దుకాణం ముందు ఆగి కిటికీలోంచి లోపలికి చూశావు. నేను మేడమీదినుంచి చూశాను. కిందికి దిగి రాలేదు.

పట్టిక చింపేద్దామనుకున్నాను. చింపితే నా తప్పు కనబడకుండా పోతుంది, అంతే కదా. అందుకని పక్కన ఇంకో కాలమ్ గీశాను. పైన 'ఇంట్లోవాళ్లు' అని రాసి కింద గడులన్నీ ఖాళీగా వదిలేశాను. పిల్లలు "ఇదేమిటి మేడమ్, బైబిల్‌కి కొత్త అధ్యాయమా?" అన్నారు. "మీ అన్నలూ అక్కలూ చదువుతున్న కాలేజీలున్నాయిగా, ఇంటికెళ్లి అడిగి వచ్చి, ఆ వరసలో రాయండి" అన్నాను. మర్నాడు రెండు గడులు నిండాయి. ఒకదాంట్లో 'అమ్మ తర్వాత చెప్తానంది' అని. ఇంకోదాంట్లో 'నాన్న అడగొద్దన్నాడు'. మార్లీన్ మాత్రం తనే వచ్చింది, పెన్ను అడిగి తీసుకుని అంకె వేసి వెళ్లింది. నేను క్షమించమన్నాను. "నేనూ చదవలేదుగా ఆ చిన్న అక్షరాలు" అంది. ఆ మాటకి ఇంకా కుంగిపోయాను.

టెస్సా సెలవులకి వచ్చింది. నిన్న శుక్రవారం, చర్చిలో చేపల విందుకి వెళ్దామని స్కూలుకే వచ్చింది. నేను తలుపులు వేసుకునే దాకా బయట నడవాలో ఉంది. విందులో బాగానే తింది, కబుర్లు చెప్పింది, క్యాబేజీ కూరలో ఉప్పు లేదంది. ఇవాళ శనివారం, కళ్లద్దాలు మర్చిపోయానని నేను స్కూలుకి వెళ్లాను.

సెయింట్ అడెలా, నర్సింగ్ వరసలో కొత్త గడి నిండి ఉంది. టెస్సా చేతిరాత. అంకె వెయ్యలేదు. 'మా నాన్న: ఒక బేకరీ' అని రాసింది.

నేను చెప్పలేదురా. నీ మీద ఒట్టు. ఇంటికొచ్చి, "ఎవరు చెప్పారే?" అని అడిగాను. బూట్లు విప్పుకుంటూ, "ఇంట్లో అడిగి రమ్మన్నావని నేను సెలవులకి రాకముందే స్కూలు పిల్లలు చెప్పారత్తా. అడిగితే మీ ఇద్దరూ చెప్పరని కాలేజీ ఆఫీసులో అడిగాను. వాళ్లు అంకె చెప్పారు. మిగతాది బజారుకెళ్తే కనబడింది" అంది. గట్టిగా కూడా అనలేదు. అరిచినా బాగుండేది.

మానెయ్యదట. స్టేట్‌కి మారుతుందట వచ్చే ఏడు. చదివిన పేపర్లన్నీ అక్కడ చెల్లుతాయని కనుక్కుందట, పైజ్‌తో గది మాట్లాడుకుందట. అన్నీ అయిపోయాయి. ఈసారి నన్నేమీ అడగలేదు కాజ్. నిరుడు ఈ వేళకి మంచం మీద నా పక్కన కూచుని ప్రతి అంకెకీ "ఇదేంటత్తా, ఇదేంటత్తా" అని ప్రాణం తీసింది. అడగకపోవడమే మంచిదని నాకూ తెలుసు. అయినా ఏడుపొస్తోంది.

ఆ గడి చెరిపెయ్యనా, ఉంచనా? నువ్వే చెప్పు. నీ పరువు ఊరంతా చదువుతుంది.

బెర్నీ


టొలీడో రేవు
మార్చి 15

అక్కా,

చెరిపెయ్యకు. దాని చేత్తో 'మా నాన్న' అని రాసింది.

స్టేట్‌కి మారితే వచ్చే ఏటి సంతకం చిన్నది. అదీ నేనే పెడతాను, నువ్వు మధ్యలో దూరకు. పిల్లకి ఒక్క మాట చెప్పు. మరీ పెద్దదేం కాదు ఆ బేకరీ. ఒక పొయ్యి, రెండు కిటికీలు.

నువ్వు ఆ గోడ ముందు నిలబడి ఏడవకు. పిల్లలు చూస్తారు.

కాజ్